కోట కట్టే ఆటకు దరఖాస్తు: తల్లిదండ్రులు కూడా చదవాల్సిన కాగితం

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

విద్యార్థులు, వీడియో గేముల గురించి మీ పత్రికలో ఇటీవల వచ్చిన ప్రత్యేక కథనం చదివాను. చదువు చెడిన పిల్లల గురించి, రమ్మీలో డబ్బు పోగొట్టుకున్న కుటుంబాల గురించి అందులో రాసినవి అబద్ధాలేమీ కావు; అటువంటి ఇళ్లు కడపలో నాకూ తెలుసు. అయితే తుపాకుల ఆటను, పేకాటను, ఇల్లు కట్టే ఆటను ఆ కథనం ఒకే గాటన కట్టింది. చట్టాలు కూడా ఆ పని చేయలేదు. 2020లో మన రాష్ట్ర ప్రభుత్వం గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ వంటివాటిని నిషేధించినప్పుడైనా, 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించినప్పుడైనా, గీత గీసింది డబ్బు పందెం దగ్గరే. వినోదం కోసం, నేర్చుకోవడం కోసం ఆడే ఆటలను 2025 చట్టం విడిగానే చూసింది. ఆ విడిగా చూసినవాటిలోనూ మన వైపు పెద్దలకు అంతగా పరిచయం లేని ఒక రకం ఉంది: పలువురు బృందంగా చేరి తెర మీద కోటలు, ఊళ్లు కట్టే ఆట. అందులో చేరాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి, పని చూపించాలి, బాగా లేదంటే వెనక్కి రావాలి. ఈ ఉత్తరం దాని గురించే.

నేను పాలిటెక్నిక్‌లో సివిల్ విద్యార్థులకు డ్రాయింగ్ బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. జమ్మలమడుగులో ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు అటువంటి ఒక బృందంలో చేరడానికి దరఖాస్తు నింపుతూ, "మామా, ఇది ఒకసారి చూసిపెట్టు" అని అడగడంతో నాకు ఈ సంగతి తెలిసింది. వాడి తల్లి, అంటే మా చెల్లెలు, "ఆటకు అర్జీ ఏందన్నా, ఇంకేమైనా మోసమా?" అని భయపడింది. ఆ అనుమానం సహజమైనదే కనుక నేను ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివాను.

మైన్‌క్రాఫ్ట్ అనే ఆటను స్వీడన్‌కు చెందిన మోజాంగ్ సంస్థ 2011లో పూర్తి రూపంలో విడుదల చేసింది. 2014లో ఆ సంస్థను మైక్రోసాఫ్ట్ 250 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. అందులో నేల, రాయి, చెట్టు అన్నీ మీటరు కొలత గల ఘనాలతో ఉంటాయి. వాటిని బ్లాకులు అంటారు. ప్రాణం కాపాడుకుంటూ ఆడే పద్ధతి ఒకటి ఉంది, సామగ్రి అంతా లెక్క లేకుండా ఇచ్చి నచ్చింది కట్టుకోమనే క్రియేటివ్ పద్ధతి ఇంకొకటి ఉంది. నేను చెబుతున్న బృందాలు ఈ రెండో పద్ధతిలో పనిచేస్తాయి. వేర్వేరు దేశాలవాళ్లు ఒకే సర్వర్‌లోకి, అంటే ఆట నడిచే ఉమ్మడి కంప్యూటర్‌లోకి వచ్చి, మధ్యయుగపు ఐరోపా తీరులో ఒక రాజ్యాన్నే కడుతూ ఉంటారు: కొండ మీద కోట, కోట కింద ఊరు, ఊరి బయట పొలాలు, వాగు మీద నీటి మర, సంత వీధి, ఓడరేవు, సన్యాసుల మఠం. ఇందులో గెలవడం, ఓడడం లేవు; పందెం అంతకన్నా లేదు. పదేళ్లకు పైబడి ఒకే లోకాన్ని కడుతూ వస్తున్న బృందాలు కూడా ఉన్నాయి.

ఆటకు దరఖాస్తు ఎందుకని అడిగేవారికి డెన్మార్క్‌లో జరిగినది చెప్పాలి. 2014లో ఆ దేశపు సర్వే శాఖ తన దగ్గరున్న కొలతల ఆధారంగా దేశం మొత్తాన్ని అసలు పరిమాణంలోనే మైన్‌క్రాఫ్ట్‌లో నిలబెట్టి, బడి పిల్లలకు పాఠంగా పనికివస్తుందని ఎవరైనా ప్రవేశించే వీలు కల్పించింది. డైనమైట్ పేలకుండా ముందే కట్టడి చేశారు గాని, పట్టాల మీద నడిచే బండిలో పెట్టిన డైనమైట్ సంగతి మరిచారు. కొందరు ఆ సందు కనిపెట్టి కట్టడాలు కొన్ని పేల్చేసి, ఆ శిథిలాల మీద అమెరికా జెండాలు పాతి వెళ్లారు. సర్కారు వారి సర్వర్‌కే ఆ గతి పట్టినప్పుడు, ఏళ్ల తరబడి తీరిక వేళల్లో కట్టుకున్న ఊరిని ఊరూ పేరూ తెలియనివారికి ఎవరు అప్పగిస్తారు? అందువల్లే అనుమతి పొందినవారి పేర్లు జాబితాలో ఉంటేనే లోపలికి రానిస్తారు; ఎవరు ఏ బ్లాకు పెట్టారో, ఏది తీశారో నమోదు అవుతూ ఉంటుంది; కొత్తవారికి మొదట ఒక్క మూలలోనే పని ఇస్తారు. దీనికి తోడు శైలి సమస్య ఒకటుంది. వంద చేతులు కట్టిన ఊరు ఒక్క ఊరిలా కనిపించాలంటే ఆ వంద చేతులూ ఒకే నియమాలకు లోబడాలి.

ఆ దరఖాస్తు పత్రంలో ఉన్న ప్రశ్నలు నన్ను ఆశ్చర్యపరిచాయి. వయసు, ఏ కాలమానంలో ఉంటారు, వారానికి ఎంత సమయం కేటాయించగలరు అన్నవి మామూలే. ఆ తరువాత, ఇంతవరకు కట్టినవాటి చిత్రాలు పెట్టమంటారు. అవి కూడా ఒకే కట్టడాన్ని నాలుగు వైపుల నుంచి, లోపలి నుంచి, పై నుంచి చూపించేవిగా ఉండాలి, లేకపోతే మరొకరి పని తెచ్చి తనదని పెట్టినట్టు అనుమానిస్తారు. ఇతరులతో కలిసి కట్టిన అనుభవం ఉందా? మీరు కట్టినదాన్ని పడగొట్టి మళ్లీ కట్టమంటే ఏం చేస్తారు? మీకు నచ్చిన ఒక పాత కట్టడాన్ని ఎంచుకుని, అది ఆ రూపంలోనే ఎందుకు ఉందో వివరించండి. ప్రాంగణ నియామకాలకు వచ్చిన కంపెనీలు మా విద్యార్థులను ఇంత శ్రద్ధగా ప్రశ్నించిన సందర్భాలు నాకు తక్కువగానే గుర్తున్నాయి. మావాడు మొదట "నాకు చిన్ననాటి నుంచీ నిర్మాణ రంగంపై అమితమైన ఆసక్తి" అనే అర్థం వచ్చేలా ఒక గొప్ప ఇంగ్లీషు వాక్యం ఎక్కడి నుంచో తెచ్చి అతికించాడు. దాన్ని కొట్టేసి, వచ్చిన ఇంగ్లీషులోనే చూసినది చూసినట్టు రాయమన్నాను. ఆ మాత్రం సాయమే పెద్దలు చేయాలని, పత్రం మొత్తం తామే నింపిపెట్టకూడదని నా అభిప్రాయం.

నచ్చిన కట్టడంగా వాడు ఎంచుకున్నది ఫ్రాన్సులోని గెదెలాన్. బర్గండీ ప్రాంతంలో ఒక పాత రాతి గనిలో 1997లో మొదలుపెట్టి, 13వ శతాబ్దపు పనిముట్లతో, అప్పటి పద్ధతుల్లోనే కడుతున్న కొత్త కోట అది. రాయి అక్కడే తీస్తారు, కలప పక్క అడవిది, బరువులు పైకి లాగేది మనుషులు తొక్కి తిప్పే చక్రంతో. గోడకు వాడిన రాయి ఎక్కడిదో చెప్పలేనివాడు గోడ కట్టకూడదన్నది ఈ నిర్మాణ బృందాలు కొత్తవారికి చెప్పే మొదటి సూత్రాల్లో ఒకటి. యర్రగుంట్ల, జమ్మలమడుగు చుట్టుపక్కల నాపరాయి గనుల మధ్య పెరిగిన పిల్లవాడికి ఆ సూత్రం వివరించి చెప్పాల్సిన పని పడలేదు.

అసలు పరీక్ష దరఖాస్తు తరువాత ఉంటుంది. చిన్న స్థలం ఒకటి చూపించి, అందులో ఫలానావారి ఇల్లు కట్టమంటారు. మావాడికి వచ్చింది ఒక పేద రైతు ఇల్లు. కోట అడుగుతారనుకున్నవాడు కొంచెం నీరసపడ్డాడు గాని, పరీక్షించేవారి తెలివి నాకు అక్కడే తెలిసింది; బురుజులు, జెండాలు పెట్టి కోటను గొప్పగా చూపించడం ఎవరికైనా సాధ్యమే, మనిషి బతికే రెండు గదుల ఇంటిని నమ్మేలా కట్టడమే కష్టం. వాడు కట్టిన ఇంటికి కప్పు దాదాపు బల్లపరుపుగా ఉంది. మన సీమ పిల్లవాడికి ఇల్లంటే కంటి ముందు మెదిలేది మిద్దె: దూలాలు వేసి, దంతెలు పరిచి, పైన చవుడు మట్టి కప్పి, వేసవి రాత్రుళ్లు పడుకోవడానికి కూడా పనికొచ్చే మిద్దె. వాన తక్కువ పడే చోట అది చక్కటి కప్పు. సమీక్షకులు దానికి తప్పు పట్టకుండా ఒక ప్రశ్న రాసి పంపారు: ఈ ఊళ్లో ఏడాదిలో సగం రోజులు వాన, చలికాలంలో మంచు, ఈ కప్పు మీద పడిన నీరు ఎటు పోతుంది?

దాని మీద మామా అల్లుళ్లిద్దరం కూర్చున్నాం. అటువంటి చోట వేసే గడ్డి కప్పుకు వాలు కనీసం 45 డిగ్రీలు ఉండాలి. అంతకు తగ్గితే నీరు జారిపోకుండా గడ్డిలోకి ఇంకి కప్పు కుళ్లిపోతుంది. ఆటలో మెట్టు ఆకారపు బ్లాకులను ఒకదాని తరువాత ఒకటి పేరిస్తే సరిగ్గా 45 డిగ్రీల వాలు వస్తుంది. సగం ఎత్తు పలకలను పేరిస్తే వచ్చేది 27 డిగ్రీలకు కాస్త తక్కువ. రెండు బ్లాకుల ఎత్తుకు ఒక బ్లాకు వెడల్పు చొప్పున పోతే 63 డిగ్రీలు దాటుతుంది. పాలిటెక్నిక్ మొదటి సంవత్సరంలో నేను నల్లబల్ల మీద గీసి చెప్పిన త్రిభుజాలే ఇవి. అప్పుడు ఆవలించిన పిల్లల సంఖ్య చెప్పుకోకపోవడమే మేలు. ఇక్కడ ఒక ఇంటర్ విద్యార్థి ఎవరూ మార్కులు వేయకపోయినా రాత్రి భోజనం పక్కన పెట్టి ఆ కోణాలు లెక్క కట్టాడు. పెంకుకు ఒక వాలు, గడ్డికి ఒక వాలు, సీసం రేకుకు ఇంకో వాలు ఎందుకో వాడికి ఇప్పుడు నేను చెప్పనక్కరలేదు.

రెండో అభ్యంతరం పొగ గొట్టం మీద వచ్చింది. అందంగా ఉంటుందని వాడు ఇంటి గోడకు ఇటుక గొట్టం ఒకటి నిలబెట్టాడు. ఐరోపాలో ఆ కాలపు పేద రైతుల ఇళ్లకు పొగ గొట్టాలు ఉండేవి కావు. నేల మధ్యలో పొయ్యి, పొగ కప్పు సందుల్లోంచి, పైన వదిలిన కంత లోంచి బయటికి పోయేది. వాడికి వెంటనే అర్థమైంది, ఎందుకంటే మా అమ్మ వాళ్ల పాత మిద్దెలో వంటింటి మీద గవాచి ఉండేది. వెలుతురు లోపలికి రావడానికి, పొగ పైకి పోవడానికి ఆ ఒక్క కంతే దారి. కిటికీలకు అద్దాలు తీసేసి చెక్క రెక్కలు పెట్టమన్నది మూడో సూచన. అద్దం అప్పట్లో ఉన్నవాళ్ల ఇళ్లకే. ఇలాంటి వ్యాఖ్యలు ఇంకా కొన్ని వచ్చాయి. ఈ ఉత్తరం రాసే నాటికి సవరించిన ఇల్లు రెండోసారి సమీక్షలో ఉంది. అనుమతి వస్తుందో రాదో తెలియదు గాని, ఆ వ్యాఖ్యలు రాసినవారికి ఒక అధ్యాపకుడిగా నేను నమస్కారం పెడతాను.

తల్లిదండ్రులు గట్టిగా పట్టించుకోవలసినవీ ఉన్నాయి. ఈ బృందాల మాటామంతీ ఎక్కువగా డిస్కార్డ్ అనే వేదిక మీద నడుస్తుంది. దానికి కనీస వయసు 13 ఏళ్లు. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 18 ఏళ్లు నిండనివారి సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి అవసరమని చెబుతోంది. ఇల్లు కట్టడం వచ్చా రాదా అని తేల్చుకోవడానికి ఇంటి చిరునామాతో గాని, బడి పేరుతో గాని, ముఖం ఫొటోతో గాని ఎవరికీ పని లేదు. అవి అడిగే దరఖాస్తును అక్కడితో ఆపేయాలి. చేర్చుకోవడానికి డబ్బు అడిగినా అంతే. ఆటను ఒకసారి కొనుక్కున్న తరువాత ఇటువంటి బృందంలో చేరడానికి రుసుము ఉండదు. సర్వర్ ఖర్చులకు ఇష్టమున్నవారు విరాళం ఇవ్వడం వేరే సంగతి. పిల్లల పేరుతో మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిచినప్పుడు, ఇతరులతో కలిసి ఆడే అనుమతి పెద్దల ఖాతా నుంచే ఇవ్వాలి. ఆ తాళం చెవి తమ దగ్గరే ఉందని చాలామంది తల్లిదండ్రులు గమనించరు.

నిద్ర సంగతి మా చెల్లెలు లేవనెత్తింది, ఆమె మాట నిజమే. లండన్‌లో సాయంత్రం 7 గంటలంటే మనకు వేసవిలో రాత్రి 11.30, శీతాకాలంలో అర్ధరాత్రి దాటి 12.30. అక్కడివారంతా చేరే వేళకు ఇక్కడ పిల్లవాడు మేలుకోవడం మొదలైతే ఇంటర్ చదువు అటకెక్కుతుంది. అయితే ఈ పనికి అందరూ ఒకే సమయంలో ఉండాల్సిన అవసరం లేదు. ఎవరి స్థలంలో వారు వీలున్నప్పుడు కట్టి, వ్యాఖ్య కోసం వదిలి వెళ్లవచ్చు. ఆదివారం పగటిపూట మాత్రమే కట్టగలనని మావాడు దరఖాస్తులోనే రాశాడు. దానికి వారు అభ్యంతరం చెప్పలేదు.

ఇక నన్ను ఈ ఉత్తరం రాయించిన అసలు విషయానికి వస్తాను. పాత పనుల చిత్రాలు అడిగినప్పుడు మావాడు పంపినవాటిలో గండికోట ధాన్యాగారం ఒకటి ఉంది. ఎర్రమల కొండలను చీల్చుకుంటూ పెన్న ప్రవహించే లోయ అంచున, పెమ్మసాని నాయకులు ఏలిన ఆ కోట జమ్మలమడుగు నుంచి ఎంతో దూరం లేదు. మాధవరాయ ఆలయం, రంగనాథ ఆలయం, జామియా మసీదు, జైలు, కత్తుల కోనేరు అన్నీ ఆ ఒక్క ప్రాకారం లోపలే ఉన్నాయి. 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే గండికోటకు వచ్చి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలుసుకున్న ముచ్చట తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. కోట వెనుక కథ, కోట ముందు లోయ, కోట లోపల ఊరు ఉన్న ఇటువంటి చోటు దొరికితే ఏ నిర్మాణ బృందమైనా ఎగిరి గంతేస్తుంది. కానీ వాడు ధాన్యాగారం గోడ మందాన్ని, కమాను కప్పు ఎత్తును ఫొటోలు చూసి, పక్కన నిలబడ్డ మనిషి ఎత్తుతో పోల్చి అంచనా కట్టవలసి వచ్చింది. ఫ్రాన్సులోని కోట గోడ కొలతలు ఇంట్లో కూర్చుని తెలుసుకోగలిగిన పిల్లవాడికి, సెలవు రోజు బస్సెక్కి వెళ్లి చూసొచ్చే కోట గోడ కొలత తెలుసుకునే దారి దొరకలేదు. ఇది నాకు నచ్చలేదు.

ఇతర దేశాల్లో ఆ దారిని ప్రభుత్వ సంస్థలే వేశాయి. డెన్మార్క్ కంటే ముందే, 2013లో, బ్రిటన్ సర్వే సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే తన పటాలతో ఆ దేశ భూభాగాన్ని మైన్‌క్రాఫ్ట్ లోకంగా మార్చి అందరికీ ఉచితంగా ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి నివాసాల విభాగం 2012 నుంచి ఇదే ఆటను ఉపయోగించి, పార్కులు, వీధులు ఎలా ఉండాలో అక్కడి జనం చేతనే నమూనాలు కట్టిస్తోంది. మనకు అంత పెద్ద ఏర్పాటు అక్కరలేదు. గండికోట, సిద్ధవటం కోటలు రెండూ పురావస్తు శాఖ సంరక్షణలో ఉన్నవే. ఆ శాఖ ఒక్కొక్క కట్టడానికి ప్లాను, నిలువుకోత (కట్టడాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మ), ముఖ్యమైన కొలతలు ఉన్న పటాన్ని తెలుగు వివరణతో కోట దగ్గర బోర్డు మీద, అలాగే ఆన్‌లైన్‌లో పెడితే చాలు. కొత్తగా కొలవాల్సి వస్తే కడపలోనే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఉంది. మా పాలిటెక్నిక్ సర్వే విద్యార్థులు ఉన్నారు. ఏటా మైదానంలో జెండా కర్రలు పాతి చేసే సర్వే అభ్యాసాన్ని, శాఖ అనుమతితో, ఒక ఏడాది పెన్న ఒడ్డున మట్లి రాజుల సిద్ధవటం కోట దగ్గర చేయించవచ్చు. ఆట కొనలేని బడులకు లువాంటి అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఇదే తీరున బ్లాకులతో కట్టుకునే వీలున్న దాన్ని పాత కంప్యూటర్లలోనూ నడపవచ్చు.

మీ పత్రిక పిల్లల పేజీలో బొమ్మలు, కవితలు వేస్తున్నారు. దానితోపాటు నెలకు ఒకసారి, మన జిల్లా కట్టడాన్ని తెర మీద కట్టిన విద్యార్థి పని ఒకటి, అది ఆ రూపంలో ఎందుకు ఉందో వారే రాసిన నాలుగు వాక్యాలతో కలిపి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. పంపే నమూనాల్లో కప్పు వాలు, గోడ మందం, మెట్ల లెక్క సరిచూసి వ్యాఖ్యలు రాసే బాధ్యతను ఏ ప్రతిఫలం లేకుండా నేను తీసుకోగలను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
కడప.